దెయ్యం పేరున్న రాళ్ళకి కెమెరా పెట్టాలంటే: మంగమారిపేట నుంచి డెవిల్స్ టవర్ దాకా

విశాఖలో ఏ వీధి చూసినా పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళు నాలుగైదు కనిపిస్తాయి. వాళ్ళని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఇప్పుడు మంచి కెమెరాలే తీసుకెళ్తున్నారు. నయాగరా ఎవరు తీసినా బాగానే వస్తుంది. తేడా కొట్టేది డెవిల్స్ టవర్, డెవిల్స్ పోస్ట్‌పైల్, డెవిల్స్ గోల్ఫ్ కోర్స్ లాంటి, పేరులో ‘డెవిల్’ ఉన్న అక్కడి రాతి చోట్ల. పేరులో దెయ్యం ఉంది కాబట్టి ఫోటో కూడా భయపెట్టాలనుకుంటారు. రాయిని నల్లటి నీడగా మార్చి, వెనక ఆకాశాన్ని రక్తం రంగులోకి లాగుతారు. దాంతో అక్కడ చూడాల్సిందే పోతుంది. ఆ రాయి నిండా నిలువు గీతలు, అంచులు, పలకలు ఉంటాయి. వాటిని చూసే జనం నోరు తెరుస్తారు. ఫోటోలో అవి కనపడకపోతే అది ఏ కొండైనా ఒకటే.

నేను ఈ చోట్లకి వాడే పద్ధతంతా మన బీచ్ రోడ్డు మీద సాధన చేసిందే. భీమిలి వైపు వెళ్తుంటే తొట్లకొండ దాటాక మంగమారిపేట ఒడ్డున సహజ శిలాతోరణం ఉంది, ఇంకొంచెం ముందుకి పోతే ఎర్రమట్టి దిబ్బలు. ఈ రెండు చోట్లా చెయ్యి తిరిగితే డెవిల్స్ టవర్ ఉన్న వయోమింగ్‌లో తడుముకోవాల్సిన పని ఉండదు. విమానం టికెట్టు కొన్నాక కెమెరా నేర్చుకుందాం అనుకునేవాళ్ళకి ముందుగా చెప్పేది ఇదే: ఓ రెండు నెలలు తెల్లవారుజామున ఇక్కడికి రండి.

ముందు సామాను. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి 24-70, 70-200 లెన్సులు రెండు చాలు. 14 ఎం.ఎం. లాంటి అతి వెడల్పు లెన్సు నేను పట్టుకెళ్ళను. దాంట్లో ముందున్న గడ్డి పెద్దదై, వెనకున్న 264 మీటర్ల డెవిల్స్ టవర్ చిన్న దిమ్మలా తేలిపోతుంది. ట్రైపాడ్ మధ్య కర్ర లేపకుండానే కంటి ఎత్తుకి రావాలి. మధ్య కర్ర లేపితే మన సముద్రపు గాలికి పైన కెమెరా సన్నగా వణుకుతుంది. ఆ వణుకు వెనక తెర మీద కనపడదు, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే బయటపడుతుంది. మెరుపు తగ్గించే సీపీఎల్ ఫిల్టరు ఒకటి, వెలుతురు తగ్గించే ఆరు స్టాపుల ఎన్‌డీ ఫిల్టరు ఒకటి (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది). పది స్టాపులది ఉంటే సరదాకి వాడుకోవచ్చు గానీ అవసరం తక్కువ. వీటితోపాటు మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు, చిన్న సీసాలో మంచినీళ్ళు. ఆ నీళ్ళు తాగడానికి కాదు, లెన్సుకి.

విశాఖలో మొదటి శత్రువు చెమ్మ. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న కెమెరాని తెల్లవారుజామున ఒడ్డుకి తెచ్చి సంచి జిప్పు తీస్తే లెన్సు ముందు గాజే కాదు, వెనక గాజు కూడా మంచు పట్టినట్టు తెల్లబడుతుంది. గుడ్డతో తుడిస్తే మళ్ళీ పడుతుంది. అది పోయేసరికి సూర్యుడు పైకి వచ్చేస్తాడు. అందుకని ముందు రాత్రే సంచిని ఏసీ లేని గదిలో పెట్టండి. కుదరకపోతే బీచ్‌కి వెళ్ళేటప్పుడు కారులో ఏసీ ఆపి, అద్దాలు దించి, సంచి మూసే ఉంచండి. అరగంట మూసి ఉంచితే గాజు బయటి వేడికి వచ్చేస్తుంది.

ఇక వెలుతురు. మన దగ్గర సూర్యోదయం జూన్ చివర 5:25 ప్రాంతంలో, డిసెంబరు చివర 6:25 ప్రాంతంలో. జూన్‌లో ఉత్తరం నుంచి లెక్కిస్తే 65 డిగ్రీల దగ్గర, డిసెంబరులో 115 డిగ్రీల దగ్గర లేస్తాడు. అంటే ఏడాదిలో సూర్యుడు లేచే చోటు 50 డిగ్రీలు జరుగుతుంది. రాతికి పక్క వెలుతురు ఏ నెలలో పడుతుందో తేల్చేది ఈ లెక్కే. నేను కెమెరా చూసే దిక్కుకీ సూర్యుడు ఉన్న దిక్కుకీ మధ్య 70 నుంచి 110 డిగ్రీలు ఉండేలా చూసుకుంటాను. అప్పుడు ప్రతి గాడికీ ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ పడతాయి. సూర్యుడు వీపు వెనక ఉంటే రంగు బాగుంటుంది గానీ గీతలు పోయి రాయి బల్లపరుపుగా కనిపిస్తుంది. ఎదురుగా ఉంటే నల్లటి నీడ తప్ప ఏమీ రాదు.

ఎర్రమట్టి దిబ్బల్లో ఇది పది నిమిషాల్లో అర్థమవుతుంది. వానకి కోసుకుపోయిన సన్నటి గెడ్డలు, వాటి గోడల మీద నిలువు చారలు, మధ్యలో జీడిమామిడి, తాటి చెట్లు. సూర్యుడు వచ్చిన పావుగంట తర్వాత మొదలుపెట్టి ముప్పావుగంటలో ముగించాలి. తర్వాత వెలుతురు గోడల మీద నిటారుగా పడి చారలన్నీ మాయమవుతాయి. ఇసుక రేణువుల మీద ఇనుము ఆక్సైడ్ పూత పట్టి ఈ ఎరుపు వచ్చింది. ఇక్కడే కెమెరా మోసం చేస్తుంది. మామూలు హిస్టోగ్రాం, అంటే కెమెరా తెర మీద వెలుగునీడల లెక్క చూపే గ్రాఫు, చూస్తే అంతా సరిగ్గానే ఉన్నట్టుంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రాం పెట్టి చూడండి, ఎరుపు గీత కుడి గోడకి అంటుకుని ఉంటుంది. అలా పోయిన ఎరుపులో చారలు ఉండవు, కుంకుమ పూసినట్టు ఒకే రంగు ముద్ద. ఎక్స్‌పోజర్ మూడింట రెండు స్టాపు తగ్గించి, పిక్చర్ స్టైల్ వివిడ్ నుంచి న్యూట్రల్‌కి మార్చి, రా ఫైలులో తీస్తే చారలు నిలుస్తాయి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెట్టకూడదు. ఫ్రేమంతా ఎరుపే ఉంటే కెమెరా దాన్ని తప్పనుకుని నీలం కలుపుతుంది, ఒక ఫోటోకీ ఇంకో ఫోటోకీ రంగు మారిపోతుంది. 5200 కెల్విన్ దగ్గర పెట్టి వదిలేస్తాను.

వాన వెలిసిన మర్నాడు రంగు ముదిరి చాలా బాగుంటుంది. అదే రోజు అంచులు విరిగిపడేది కూడా. పైనుంచి చూస్తే గట్టిగానే ఉన్నట్టున్నా, కింద నీరు తొలిచేసి ఉంటుంది. అంచుకి రెండు మీటర్ల ఇవతలే ఆగాలి, గోడలు పట్టుకుని ఎక్కకూడదు. ఇది జాతీయ భూవారసత్వ స్థలం, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరింది. ఒక్క అడుగు జారితే విరిగిపోయే చారలు మళ్ళీ ఏర్పడడానికి మన జీవితకాలం సరిపోదు. పక్కనే నౌకాదళ స్థలం ఉంది, అటువైపు కెమెరా తిప్పకండి. డ్రోన్ సంగతి అసలు ఎత్తొద్దు. ఈ తీరంలో నౌకాదళం, విమానాశ్రయం రెండూ ఉన్నాయి కాబట్టి ఎగరేసే ముందు, డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపు చూడక తప్పదు, చూశాక చాలామంది డ్రోన్ ఇంట్లోనే వదిలేస్తారు. అమెరికా జాతీయ పార్కుల్లో అయితే 2014 నుంచి డ్రోన్లు నిషేధం, పట్టుకుంటే జరిమానా.

మంగమారిపేట తోరణం దగ్గర పాఠం వేరు. అక్కడ వెలుతురు కంటే ముందు ఆటుపోట్లు చూడాలి. మన తీరంలో పెద్ద పోటుకీ ఆటుకీ తేడా సుమారు ఒకటిన్నర మీటర్లు. అమావాస్య, పౌర్ణమి, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు తేడా ఎక్కువ, అష్టమి చుట్టుపక్కల తక్కువ. రోజురోజుకీ ఆటు సమయం 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. తిథి గోడ మీది క్యాలెండర్‌లో దొరుకుతుంది, గంటల లెక్క మాత్రం ఆటుపోట్ల పట్టికలో చూసుకోవాలి. నేను ఎంచుకునేది సూర్యోదయానికి గంట తర్వాత ఆటు అడుగంటే రోజు. అప్పుడు మనం పనిచేసినంతసేపూ నీరు వెనక్కి పోతూనే ఉంటుంది. దీనికి తిరగేస్తే, అంటే పోటు మొదలయ్యాక రాళ్ళ మీదికి వెళ్తే, తిరిగొచ్చే దారి మునుగుతుంది. పట్టిక చూసినా సరే, వల సర్దుకుంటున్నవాళ్ళు కనిపిస్తే “అన్నా, నీరు తగ్గుతుందా, ఎక్కుతుందా?” అని ఒక మాట అడగండి. గాలి, అల్పపీడనం వల్ల పట్టికలో లేని కెరటాలు వాళ్ళకి ముందే తెలుస్తాయి. నైరుతి వానల్లోనూ, అక్టోబరు నవంబరు తుపాను రోజుల్లోనూ ఆ రాళ్ళ దగ్గరికి పోకపోవడమే మంచిది. పాచి పట్టిన రాయి మీద హవాయి చెప్పులు పనికిరావు.

ట్రైపాడ్ నిలబెట్టడం ఇక్కడే వస్తుంది. ఇసుక మీద మామూలుగా పెడితే కెరటం వచ్చి వెనక్కి పోయేటప్పుడు కాలి చుట్టూ ఇసుకని లాక్కుపోతుంది. కాలు అర సెంటీమీటరు దిగుతుంది, చిన్న బుడగలు పైకి వస్తాయి, అంతే. మనకి ఏమీ తెలీదు గానీ ఒక సెకను ఫోటోలో రాయి రెండు అంచులతో వస్తుంది. కాబట్టి ముందు చివరి భాగం కాళ్ళు పది సెంటీమీటర్లు బయటికి తీసి, మూడింటినీ ఒక్కొక్కటిగా ఇసుకలోకి ఊపుతూ నొక్కాలి, ఇక దిగదు అన్నంత దాకా. అప్పుడు రెండు కెరటాలు వచ్చి పోనివ్వండి, మళ్ళీ నొక్కండి. ఆ తర్వాతే ఫ్రేమ్ పెట్టుకోవాలి.

నీళ్ళకి షట్టర్ అర సెకను నుంచి ఒక సెకను. కెరటం వచ్చేటప్పుడు నొక్కితే తెల్లటి ముద్ద వస్తుంది. వెనక్కి తిరిగిన క్షణంలో నొక్కితే నురగ గీతలు తోరణం వైపు లాగినట్టు వస్తాయి. వెలుతురు పెరిగి కెమెరా 1/60 చూపిస్తుంటే ఆరు స్టాపుల ఎన్‌డీ పెడితే సరిగ్గా ఒక సెకను అవుతుంది. పది స్టాపులది పెట్టి అరనిమిషం తీస్తే సముద్రం పొగలా మారుతుంది. చాలామందికి అదిష్టం, నాకు మాత్రం కెరటం లేని విశాఖ ఫోటో అంటే పడదు. తోరణం లోపలి గోడ చీకటి, వెనక ఆకాశం వెలుగు కాబట్టి రెండేసి స్టాపుల తేడాతో మూడు ఫోటోలు తీస్తాను. వాటిని సాఫ్ట్‌వేర్ దానంతటదే కలిపితే మూడు కెరటాలు ఒకదాని మీద ఒకటి పడి నీరు గందరగోళంగా ఉంటుంది. నీరంతా ఒకే ఫోటోలోది ఉంచి, మిగతా రెండింటి నుంచి రాయి, ఆకాశం మాత్రమే తీసుకోవాలి.

ఉప్పు తుంపర లెన్సు మీద పడుతూనే ఉంటుంది. పొడి గుడ్డతో రుద్దితే ఉప్పు పలుకు కోటింగ్‌ని గీస్తుంది. ముందు గుడ్డ మూల మంచినీళ్ళలో తడిపి అద్ది, ఇంకో పొడి గుడ్డతో తుడవాలి. సూర్యుడు ఫ్రేమ్‌లో ఉన్నప్పుడు కంటికి కనిపించని ఒక్క ఉప్పు చుక్క కూడా ఫోటోలో పెద్ద మసక వలయం అవుతుంది, దాన్ని తర్వాత చెరపలేం.

ఇక్కడ సాధన చేసినవాళ్ళకి అమెరికాలో అలవాటు మార్చుకోవాల్సిన విషయం ఒకటుంది, సూర్యుడి నడక. విశాఖలో సూర్యుడు దాదాపు నిటారుగా లేస్తాడు. ఆరు డిగ్రీలు పైకి వచ్చేలోపు పక్కకి జరిగేది రెండు డిగ్రీలే, దానికి పట్టేది అరగంట. డెవిల్స్ టవర్ 44.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ అదే ఆరు డిగ్రీలకి వేసవిలో నలభై నిమిషాలు పడుతుంది, పక్కకి ఆరేడు డిగ్రీలు జరుగుతుంది. మంచి వెలుతురు ఎక్కువసేపు ఉంటుందన్నది లాభం. సూర్యుణ్ణి రాతి అంచుకి ఆనించి తీద్దామనుకుంటే మన అంచనా తప్పడం నష్టం. సూర్యుడి దారి చూపే ఫోటోపిల్స్ లాంటి యాప్ లేకుండా అక్కడ ఆ పని పెట్టుకోవద్దు.

ప్రయాణం గురించి రెండు మాటలు. లిథియం బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, ట్రైపాడ్ లగేజీలో. ట్రైపాడ్ కాళ్ళకీ బూట్లకీ ఎర్రమట్టి అంటుకుని ఉంటే అమెరికా కస్టమ్స్‌లో ఇబ్బంది, బయటి దేశపు మట్టిని వాళ్ళు లోపలికి రానివ్వరు. బయలుదేరే ముందు బ్రష్షు పెట్టి కడగండి. కెమెరా చార్జర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల వరకు పనిచేస్తాయి, ప్లగ్గు మార్చే అడాప్టర్ ఒక్కటి చాలు.

డెవిల్స్ టవర్ వయోమింగ్ రాష్ట్రం ఈశాన్య మూలన ఉంది. దగ్గరలో చెప్పుకోదగ్గ విమానాశ్రయం పక్క రాష్ట్రంలోని రాపిడ్ సిటీ, అక్కడి నుంచి కారులో సుమారు రెండు గంటలు. 1906 సెప్టెంబరు 24న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దీన్ని అమెరికా మొట్టమొదటి నేషనల్ మాన్యుమెంట్‌గా ప్రకటించాడు. అడుగు నుంచి కొస దాకా 867 అడుగులు. భూమి లోపల కరిగిన రాయి చల్లబడి కుంచించుకుపోతూ అయిదు, ఆరు పలకల స్తంభాలుగా పగిలింది. చుట్టూ ఉన్న మెత్తటి రాతి పొరలు కొట్టుకుపోయాక ఈ గట్టిరాయి మిగిలింది. మనం తియ్యాల్సింది ఆ స్తంభాల్నే. మిట్టమధ్యాహ్నం అది బూడిదరంగు గోడ. పొద్దువాలితే ఒక్కో స్తంభం విడివిడిగా లేచి వస్తుంది.

ఎక్కడ నిలబడాలి? టవర్‌కి ఉత్తరం వైపు జాయ్‌నర్ రిడ్జ్ అనే మిట్ట ఉంది, సాయంత్రానికి అందరూ చెప్పేది అదే. కానీ ఏ నెల అన్నది ఎవరూ చెప్పరు. జూన్‌లో అక్కడ సూర్యుడు రాత్రి ఎనిమిదిన్నర దాటాక వాయవ్యంలో, 304 డిగ్రీల దగ్గర అస్తమిస్తాడు. జాయ్‌నర్ రిడ్జ్ మీద దక్షిణానికి తిరిగి నిలబడితే ఆ వెలుతురు మన కుడి భుజం వెనక నుంచి వస్తుంది. రంగు బంగారం, గీతలు సగమే. సెప్టెంబరు మూడో వారంలో అదే సూర్యుడు సరిగ్గా పడమర, 270 డిగ్రీల దగ్గర దిగుతాడు, అంటే కెమెరాకి పక్క నుంచి. స్తంభాల మధ్య గాడులన్నీ నీడతో నిండుతాయి. సెలవుల కోసం జూన్‌లో వెళ్ళేవాళ్ళు అస్తమయానికి గంటన్నర ముందే అక్కడుండాలి, అప్పటికి సూర్యుడు పడమరకి ఇంకొంచెం దగ్గరగా, 290 డిగ్రీల ప్రాంతంలో ఉంటాడు.

లెన్సు లెక్క సులువే. ఒకటిన్నర కిలోమీటర్ల దూరం నుంచి 264 మీటర్ల రాయి నిలువున పది డిగ్రీలు ఆక్రమిస్తుంది. 85 ఎం.ఎం. లెన్సుని అడ్డంగా పట్టుకుంటే నిలువు కోణం 16 డిగ్రీలు, పైనా కిందా చోటు మిగులుతుంది. రెండు కిలోమీటర్లకి జరిగితే 135 ఎం.ఎం. కావాలి. ఎఫ్ 8, ఐఎస్‌ఓ 100, ట్రైపాడ్. లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 16 దాటి మూస్తే డిఫ్రాక్షన్ (వెలుతురు చెదరడం) వల్ల గీతల పదును తగ్గుతుంది. దూరంలో ఉన్న రాయికి అంత మూయాల్సిన పనే లేదు.

అడుగున టవర్ చుట్టూ 1.3 మైళ్ళ తారు బాట ఉంది. అక్కడ 24 ఎం.ఎం. నిలువుగా పట్టి పైకెత్తితే స్తంభాలన్నీ కొసకి కలిసిపోయినట్టు వస్తాయి. నాకు అది నచ్చదు, పైన గోడ వెనక్కి వాలిపోయినట్టు ఉంటుంది. బాట మీదే ఉండి, 70-200తో స్తంభాల మధ్య భాగాన్ని మాత్రమే కోసి తీస్తాను. ఆకాశం అసలు ఉండదు, ఎక్కేవాళ్ళు ఒకరో ఇద్దరో దొరికితే ఆ ఎర్ర చొక్కా ఒక్కటే రాతి పరిమాణం చెప్పేస్తుంది. స్తంభం వెడల్పులో మనిషి ఎంతున్నాడో కనిపించాక ఇక 867 అడుగులని రాయక్కర్లేదు. జూన్‌లో ఇది కుదరదు. ఆ నెల ఎక్కవద్దని పార్కువాళ్ళు కోరతారు, చాలామంది పాటిస్తారు. లకోటా, షయెన్, కయోవా వంటి తెగలకి ఇది పవిత్ర స్థలం, జూన్‌లో వాళ్ళ క్రతువులు జరుగుతాయి. బాట పక్క చెట్లకి రంగు గుడ్డలు కట్టి ఉంటాయి. మన గుళ్ళలో కట్టే ముడుపుల్లాంటివి అవి, ముట్టుకోకూడదు. కెమెరా కూడా వాటి మీద పెట్టకపోవడమే మర్యాద. రిజిస్టర్ చేసుకోకుండా బండల పైకి ఎక్కిపోకూడదు కూడా.

టవర్ కింద రెడ్ బెడ్స్ ట్రెయిల్ అని 2.8 మైళ్ళ కాలిబాట ఉంది. అక్కడి ఎర్ర నేలకి కూడా కారణం ఇనుము ఆక్సైడే. ఎర్రమట్టి దిబ్బల్లో ఎరుపు ఛానెల్‌తో పడ్డ పాట్లు అక్కడ అక్షరాలా పనికొస్తాయి. ముందు ఎర్రమట్టి, వెనక బూడిదరంగు టవర్, మధ్యలో పచ్చటి పైన్ చెట్లు. సీపీఎల్ తిప్పితే ఆకుల మీద మెరుపు పోయి ఆకుపచ్చ గట్టిపడుతుంది. అయితే 24 ఎం.ఎం. దగ్గర సీపీఎల్ పూర్తిగా తిప్పకండి, ఆకాశంలో ఒక పక్క ముదురు నీలం పట్టీ పడుతుంది.

రాత్రి ఫోటో కావాలంటే ఇంకో లెక్క. పాలపుంత నడిబొడ్డు విశాఖలో దక్షిణాన 43 డిగ్రీల ఎత్తుకి వస్తుంది గానీ ఊరి దీపాలు, పోర్టు దీపాలు కనపడనివ్వవు. డెవిల్స్ టవర్ దగ్గర చీకటి చిక్కగా ఉంటుంది. కానీ ఆ నడిబొడ్డు 16 డిగ్రీలకి మించి లేవదు. కాబట్టి మళ్ళీ ఉత్తరాన జాయ్‌నర్ రిడ్జ్ దగ్గరే నిలబడి దక్షిణానికి చూడాలి, అప్పుడు టవర్ పది డిగ్రీలు, దాని పైన పాలపుంత. జూన్ చివర అక్కడి గడియారంలో రాత్రి పన్నెండున్నర ప్రాంతంలో, ఆగస్టు మొదట్లో పది ప్రాంతంలో అది సరిగ్గా దక్షిణాన ఉంటుంది. అమావాస్యకి అటూ ఇటూ వారం చూసుకోండి. 50 ఎం.ఎం. లెన్సుతో ఆరు సెకన్లు దాటితే చుక్కలు గీతలవుతాయి. ఎఫ్ 2, ఐఎస్‌ఓ 6400, ఆరేసి సెకన్లవి ఇరవై తీసి తర్వాత కలిపితే గరుకు తగ్గుతుంది. నేలకి విడిగా రెండు నిమిషాలది ఒకటి. ఎర్ర దీపం ఉన్న హెడ్‌ల్యాంప్ పెట్టుకోండి, పక్కవాళ్ళ ఫోటో పాడవదు. వేసవి మధ్యాహ్నాల్లో ఉరుములతో వానలు వస్తాయి. మబ్బులు అద్భుతంగా ఉంటాయి, కానీ మిట్ట మీద ఇనుప ట్రైపాడ్ పక్కన నిలబడే సమయం కాదది.

డెవిల్స్ పోస్ట్‌పైల్ కాలిఫోర్నియా తూర్పున, మామత్ లేక్స్ ఊరి దగ్గర. 1911లో అధ్యక్షుడు టాఫ్ట్ దీన్ని మాన్యుమెంట్ చేశాడు. ఇక్కడి బసాల్ట్ స్తంభాలు 60 అడుగుల దాకా ఉంటాయి, లక్ష ఏళ్ళ లోపువే. లావా ఒకే తీరుగా, నిదానంగా చల్లబడడంతో స్తంభాలు ఇంత వరుసగా వచ్చాయి. గోడ పడమరకి చూస్తుంది కాబట్టి మధ్యాహ్నం దాటాకే పని, పొద్దున వెళ్తే పూర్తి నీడ. అందరూ కింద నుంచి ఒక ఫోటో తీసి వెళ్ళిపోతారు. వెనక బాట పట్టుకుని పైకి ఎక్కండి. హిమానీనదం గీసి నునుపు చేసిన స్తంభాల తలలు అక్కడ టైల్స్ పరిచినట్టు ఉంటాయి. ట్రైపాడ్ నీడ ఫ్రేమ్‌లో పడకుండా సూర్యుడికి పక్కగా నిలబడి, సీపీఎల్‌తో మెరుపు తగ్గించి, 24 ఎం.ఎం. ఎఫ్ 11లో 1.75 మీటర్ల దగ్గర ఫోకస్ పెడితే సుమారు 90 సెంటీమీటర్ల నుంచి కనుచూపు మేర అంతా స్పష్టంగా వస్తుంది. చలికాలంలో రోడ్డు మంచుతో మూసేస్తారు, వేసవిలో సాధారణంగా షటిల్ బస్సులోనే వెళ్ళాలి, ఏ నెలలో తెరిచి ఉందో ముందే చూసుకోండి. అంత దూరం పోలేనివాళ్ళకి ఉడుపి దగ్గర సెయింట్ మేరీస్ దీవిలో లావా స్తంభాలున్నాయి. దెయ్యం పేరు లేదు గానీ సాధనకి బ్రహ్మాండం.

డెత్ వ్యాలీలోని డెవిల్స్ గోల్ఫ్ కోర్స్ మాత్రం వేసవిలో వద్దే వద్దు. ఆ లోయలో 1913 జులై 10న 56.7 డిగ్రీలు నమోదైంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు సరైన కాలం. నేలంతా ఉప్పు గడ్డలు, కత్తి అంచుల్లా పొడుచుకుని ఉంటాయి. పడితే చెయ్యి కోసుకుపోతుంది, అందుకని చేతికి తొడుగులు, కాలికి మందపాటి బూట్లు. కెమెరా నేలకి 30, 40 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టి, సూర్యుడు కొండ మీద వాలుతున్న చివరి ఇరవై నిమిషాల్లో తియ్యాలి. కంటి ఎత్తు నుంచి తీస్తే దున్నిన పొలంలా కనిపిస్తుంది. కెమెరా మీటరు తెల్లటి ఉప్పుని చూసి ఎక్కువ వెలుతురు అనుకుని బూడిదరంగు చేస్తుంది. ఒక స్టాపు, ఒకటింబావు దాకా పెంచాలి. ఈ ఒక్క విషయం నేర్చుకోవడానికి శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడులు చాలు.

ఎడిటింగ్‌లో నేను చేసేది తక్కువ. విశాఖ ఫోటోలకి డిహేజ్ (మసక తీసే స్లయిడర్) పదిహేను దాకా, అమెరికావాటికి సున్నా, అక్కడి గాలిలో మన చెమ్మ లేదు కాబట్టి. బ్లాక్స్ స్లయిడర్ని కిందికి లాగాలని చెయ్యి లాగుతుంది, అక్కడే ఆగాలి. స్తంభాల మధ్య గాడుల్లో నీడ ఉండాలి గానీ ఆ నీడలో కూడా రాయి కనిపించాలి. 24 మెగాపిక్సెల్ ఫైలు 300 డీపీఐ దగ్గర 20 అంగుళాల వెడల్పు ప్రింటుకి సరిపోతుంది. అంతకంటే పెద్దది గోడకి కావాలంటే కెమెరా నిలువుగా తిప్పి, మూడో వంతు ఒకదాని మీద ఒకటి పడేలా ఆరేడు ఫోటోలు తీసి అతికించండి. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో ఉండాలి, లేకపోతే అతుకులు ఆకాశంలో చారలుగా కనిపిస్తాయి.

మంగమారిపేట అయినా డెత్ వ్యాలీ అయినా తిరిగొచ్చాక ఉప్పు సంగతి ఆ రోజే చూడాలి. ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా బయటికి లాగి, తాళాలు మరతిప్పి విప్పి, కుళాయి కింద మంచినీళ్ళతో కడిగి, నీడలో తలకిందులుగా ఆరబెట్టండి. ఆరాక మరలకి చిటికెడు సిలికాన్ గ్రీజు. తడిగా ఉండగా కాళ్ళు లోపలికి తోసేస్తే వారం తిరిగేసరికి తాళం పట్టేసి, పట్టకారుతో కూడా తిరగదు.